స్నోబోర్డింగ్ ఒంటరిగా నేర్చుకోవాలా, స్నేహితులతో వెళ్లి నేర్చుకోవాలా?

అడిగినవారి మాట క్లుప్తంగా ఇదీ: "సియాటిల్ వచ్చి ఆరు నెలలైంది. ఆఫీసులో మనవాళ్లంతా శనివారం వస్తే చాలు, కారు మీద బోర్డులు కట్టుకుని కొండల్లోకి పోతున్నారు. నాకు 34. ఈ వయసులో మొదలుపెట్టొచ్చా? వాళ్లతో వెళ్లాలా, ముందు ఒక్కణ్ణే నేర్చుకోవాలా?"

నేర్చుకోవడం మాస్టారి దగ్గర, తిరగడం స్నేహితులతో. రెండూ కలిపేశారంటే నడుమూ పోతుంది, స్నేహమూ పోతుంది. నాకు రెండూ పోబోయి ఆగాయి కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

వయసు గురించి బెంగ వద్దు. నేను మొదలుపెట్టింది 36లో. ఏలూరులో పుట్టి పెరిగినవాణ్ణి. మంచు అంటే నాకు తెలిసింది సోడా బండి మీద రంపపు పొట్టులో, గోనెసంచిలో చుట్టి పెట్టిన ఐసు గడ్డే. దాని మీద మనిషి నిలబడి జారతాడని, దానికి డబ్బులు కూడా కడతాడని ఊహించలేదు.

మా బ్యాచ్ నలుగురం. పేర్లతో పిలుచుకోం, ఊళ్లతో పిలుచుకుంటాం: తెనాలి, నల్గొండ, ఏలూరు (నేను), వైజాగక్క. అక్క మా అందరికన్నా పెద్దది, పైగా స్కీయింగ్ మనిషి, అంటే కాలికొక స్కీ అనే సన్నటి పలక, చేతికొక కర్ర. మేం ముగ్గురం బోర్డువాళ్లం, రెండు కాళ్లూ ఒకే పలకకి అడ్డంగా కట్టుకునేవాళ్లం. మేం లిఫ్ట్ (తీగకి వేలాడుతూ కొండ పైకి తీసుకెళ్లే బెంచీ) దిగి, మంచులో చతికిలబడి, వంగలేక వంగి పట్టీలు బిగించుకుంటుంటే ఆవిడ రెండు కర్రలూ ఊపుకుంటూ నిలబడి "కానివ్వండి నాయనా, తొందరేం లేదు, వసంతం దాకా మంచుంటుంది" అంటుంది.

నన్ను మొదటిసారి తీసుకెళ్లింది తెనాలి. ఐ-90 హైవే మీద తూర్పుగా గంటలోపు పోతే స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ వస్తుంది. రోడ్డు పక్కనే కొండ. అక్కడ సమ్మిట్ వెస్ట్ అనే భాగం కొత్తవాళ్లకి మంచిది, వాలు మెల్లగా ఉంటుంది. కానీ మావాడు నన్ను కింద ఉన్న పిల్లల వాలు మీద ఒక్కసారైనా ఆపకుండా నేరుగా కుర్చీ లిఫ్ట్ ఎక్కించేశాడు. పైకి వెళ్లాక వాడు చెప్పిన పాఠం మొత్తం ఇది: "మోకాళ్లు వంచు మావా. అంతే. అదే పోతుంది."

అది పోయింది. నేను కూడా దానితో పాటు పోయాను, కాకపోతే వెల్లకిలా.

ఎందుకు పడతామో నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, మీకు చెబుతాను వినండి. బోర్డుకి రెండు పక్కలా సన్నటి ఉక్కు అంచులుంటాయి. మనం అడ్డంగా నిలబడతాం కాబట్టి ఒక అంచు మడమల కింద, ఇంకోటి కాలివేళ్ల కింద ఉంటుంది. వాలు మీద ఎప్పుడూ ఎగువ వైపు అంచే మంచులో దిగి ఉండాలి, దిగువ వైపుది కాస్త లేచి ఉండాలి. భయపడి నిటారుగా నిలబడి బోర్డుని బల్లపరుపుగా పెట్టామా, దిగువ అంచు మంచులో తగులుకుంటుంది. బోర్డు అక్కడే ఆగుతుంది, మనిషి ఆగడు. మధ్యలో తూలడం, తమాయించుకోవడం అంటూ ఏమీ ఉండవు, తాటిపండు రాలినట్టు ఒక్క దెబ్బే. వేళ్ల వైపు తగిలితే మోకాళ్లు, అరచేతులు. మడమల వైపు తగిలితే వెన్ను చివర, ఆ తర్వాత తల. హెల్మెట్ అద్దె దండగ అనుకున్నాను ఆ ఉదయం. మధ్యాహ్నానికి ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మూడు గంటల్లో ఆ వాలు దిగింది రెండే సార్లు. రెండోసారి బోర్డు చంకలో పెట్టుకుని నడిచి దిగాను. తెనాలి కింద నిలబడి, నవ్వు ఆపుకుంటూ, వీడియో తీస్తూ. ఇంటికొచ్చే దారిలో ఒక్క మాట మాట్లాడలేదు నేను. సోమవారం ఆఫీసులో పొద్దున్నే జరిగే స్టాండప్ మీటింగ్‌కి నిజంగా నిలబడి హాజరైనవాణ్ణి నేనొక్కణ్ణే, కూర్చుందామంటే కూర్చోలేక.

తప్పు వాడిది కాదు. బాగా వచ్చినవాడికి, తనకెలా వచ్చిందో గుర్తుండదు. ఈత వచ్చినవాణ్ణి అడగండి, "చేతులు కొట్టు" అంటాడు.

తర్వాతి వారం డబ్బు కట్టి పాఠానికి వెళ్లాను. నేర్పింది కాలేజీ వయసు పిల్ల. మొదటి అరగంట బోర్డు ఒక కాలికే కట్టించి, ఖాళీ కాలితో నెట్టుకుంటూ నడిపించింది. లిఫ్ట్ దగ్గర అవసరమయ్యేది ఇదే, అక్కడ వెనక కాలు ఎప్పుడూ విప్పి ఉంచాలి. తర్వాత మడమ అంచు మీద నిలబడి మెల్లగా కిందికి జారడం. ఆ తర్వాత అదే అంచు మీద ఎడమకి కాసేపు, కుడికి కాసేపు. గాలిలో ఎండుటాకు అటూ ఇటూ ఊగుతూ రాలినట్టు. దీన్ని వాళ్లు అనేది కూడా రాలే ఆకు అనే. ఈ ఒక్కటి వస్తే ఎంత కొండ మీంచైనా పడకుండా ఇంటికి రావొచ్చు, కాస్త వికారంగా ఉన్నా సరే. ఇంకోటి కూడా చెప్పింది: బోర్డు వంక చూడకు, పోవాలనుకున్న చోటు చూడు, భుజం అటు తిప్పు. చిన్నప్పుడు అద్దె సైకిలు తొక్కుతూ, గుంట వంకే చూస్తూ, సరిగ్గా ఆ గుంటలోనే పడ్డవాళ్లకి ఇది వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండు పాఠాలు, నాలుగు శనివారాలు. ఐదో శనివారం మళ్లీ బ్యాచ్‌తో వెళ్లాను. అసలు సంగతి అక్కణ్ణుంచి.

నిజానికి దిగేటప్పుడు ఎవరికి వాళ్లే. గాలి హోరులో మాట వినపడదు, హెల్మెట్టూ గాగుల్సూ పెట్టుకున్నాక మొహం కనపడదు. మా కొండ మీద ఒక దిగుడు మూడు నిమిషాలు. ఆ తర్వాత లిఫ్ట్ ఏడెనిమిది నిమిషాలు. లెక్క చూస్తే రోజులో ఎక్కువ భాగం నలుగురం ఒక బెంచీ మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడమే! చేతులకి మందపాటి గ్లవుజులు కాబట్టి ఫోను తీసేవాడు ఉండడు. కిందికి దిగిపోయే వీలు లేదు. ఈ దేశంలో పెద్దవాళ్లం నలుగురం ఫోను లేకుండా పక్కపక్కన కూర్చునే చోటు నాకు ఇంకోటి తగల్లేదు. నల్గొండ వాళ్ల నాన్నగారి ఆపరేషన్ గురించి చెప్పింది ఆ లిఫ్ట్ మీదే. నాకు లేఆఫ్ నోటీసు వచ్చిన సంగతి ఇంట్లోకన్నా ముందు చెప్పింది కూడా అక్కడే (మా ఆవిడకి ఇది తెలుసు, కాబట్టి రాసేస్తున్నాను). పైకి చేరగానే బెంచీ మీంచి లేచి జారాలి కాబట్టి ఏ కష్టమైనా ఎనిమిది నిమిషాల్లో ముగించాల్సిందే. "సర్లే, ముందు దిగుదాం పద" అని ఎవరో ఒకరు అంటారు. అదే ఓదార్పు.

ఇంకో చిన్న విషయం, బోర్డువాళ్లకే తెలిసేది. ఎడమ కాలు ముందు పెట్టేవాళ్లని రెగ్యులర్ అంటారు, కుడి కాలు ముందు పెట్టేవాళ్లని గూఫీ అంటారు. మీరేదో తెలియాలంటే నున్నటి గచ్చు మీద మేజోళ్లతో పరుగెత్తి జారి చూడండి, ముందుకెళ్లిన కాలే మీ ముందు కాలు. నేను రెగ్యులర్, తెనాలి గూఫీ. రెగ్యులర్ కుడివైపుకి తిరిగి దిగుతాడు, గూఫీ ఎడమవైపుకి. కాబట్టి వాడు నా కుడిపక్కన వస్తే ఇద్దరం దిగినంతసేపూ ఎదురెదురుగా ఉంటాం, గట్టు మీద కూర్చుని కబుర్లాడుకుంటున్నట్టు. నల్గొండది నా పద్ధతే, వాడు అదే పక్కన వస్తే నాకు కనిపించేది వాడి వీపు. నా మొదటి కాలివేళ్ల మలుపు తిరిగినప్పుడు తెనాలి నా కుడిపక్కనే ఉన్నాడు. కాలివేళ్ల మలుపంటే ఒక క్షణం పల్లం వైపు వీపు పెట్టాలి, అక్కడే అందరికీ గుండె జారుతుంది. అంచు మారింది, మంచు "కర్ర్"మని కోసుకుంది, నేను నిలబడే ఉన్నాను. వాడు గాగుల్స్ పైకి లాగి అరిచాడు, ఏమన్నాడో తెలీదు. పళ్లు మాత్రం కనిపించాయి.

వాలు చదునైపోయే చోట బోర్డువాడి బతుకు మరీ దీనం. చేతిలో కర్రలుండవు కదా, వేగం చాలకపోతే నిలువునా ఆగిపోవడమే. అప్పుడు వైజాగక్క వెనక్కొచ్చి ఒక కర్ర చాపుతుంది, "పట్టుకో" అంటుంది. స్కూటర్ చెడిపోయినవాణ్ణి తాడు కట్టి లాక్కెళ్లినట్టు లాక్కెళ్తుంది. ఊరికే కాదు, ఆ రోజంతా దెప్పుతుంది.

దెప్పితే మాకూ జవాబుంది. బోర్డు పుట్టిందే రెండు స్కీలు కలిపి కట్టిన దాంట్లోంచి అంటాం. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్ రాష్ట్రం మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్ల ఆటకని రెండు స్కీలు జోడించి కట్టాడు. వాళ్లావిడ దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. ఆ ఆటవస్తువు 1998 నగానో ఒలింపిక్స్ దాకా వెళ్లింది. "అయినా యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ వాళ్లు మిమ్మల్ని ఇంకా గేటు దాటనివ్వరుగా" అంటుంది అక్క. నిజమే, అక్కడ ఇప్పటికీ బోర్డులు నిషేధం. ఈ వాదన ఏటా జరుగుతుంది, ఏటా ఆవిడే గెలుస్తుంది.

తిండి సంగతి చెప్పకపోతే మావాళ్లు ఊరుకోరు. కొండ మీద బర్గరు ధర చూసి, మొదటి ఏడాది నుంచే ఇంటి నుంచి పులిహోర. కారు డిక్కీ తెరిచి, దాని కింద నిలబడి తింటాం. చలికి నూనె పేరుకుని పులిహోర ఇటుకలా గట్టిపడుతుంది. చెంచా దిగదు, విరుచుకు తినాలి. పైన ఫ్లాస్కులో టీ. ఒకసారి నల్గొండ ఆవకాయ సీసా గ్లవుజులతోనే తీశాడు. ఆ సీజనంతా లిఫ్ట్‌లో మా పక్కన కూర్చున్నవాళ్లు అటూ ఇటూ ముక్కు తిప్పి చూసేవాళ్లు.

ఇక స్నేహితులు ఎందుకు ఉండాలో సరదాకి సంబంధం లేని కారణం ఒకటి. ఇక్కడి వాళ్లకి ఒక మాటుంది, కొత్త పొడి మంచు పడ్డ రోజున స్నేహితులు లేరని. ఎవరి కోసమూ ఆగొద్దని దాని అర్థం. నాకు ఆ మాట నచ్చదు. మన కాస్కేడ్ కొండల్లో పసిఫిక్ తేమంతా దిగుతుంది. మంచు బరువుగా, తడిగా, విపరీతంగా పడుతుంది. ఇక్కడివాళ్లే దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. ఉత్తరాన మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1998–99 సీజన్లో 1,140 అంగుళాలు పడింది, అంటే 95 అడుగులు. అంత మంచులో ఫర్ లాంటి చెట్ల మొదళ్ల చుట్టూ, కొమ్మలు అడ్డుపడటం వల్ల మంచు గట్టిపడక గుల్లగా గొయ్యిలా ఉండిపోతుంది. పైకి ఏమీ తెలియదు. అందులో తలకిందులుగా పడితే, కాళ్లకి బోర్డు ఉండగా సొంతంగా బయటపడటం దాదాపు అసాధ్యం. పక్కవాడు చూసి లాగాల్సిందే. ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

స్టీవెన్స్ పాస్ అనే ఇంకో కనుమలో ఒకసారి, రాత్రంతా మంచు పడ్డ ఉదయం, నల్గొండ చెట్ల అంచున పడ్డాడు. గొయ్యి కాదు, ఉత్త లోతు మంచే. అయినా లేవబోతే చెయ్యి భుజం దాకా దిగిపోతోంది, ఆనడానికి ఏమీ లేదు. నేను నాలుగు బారల ఎగువన ఉన్నాను. వాడి దగ్గరికి చేరడానికే పది నిమిషాలు పట్టింది. చివరికి బోర్డు విప్పించి, దాన్ని మంచు మీద పలకలా పరిచి, దాని మీద చేతులు ఆనించి లేపాను. ఆ రోజు నుంచి మా బ్యాచ్‌కి ఒకటే నియమం: ప్రతి మలుపు దగ్గరా తలలు లెక్కపెట్టాలి, నాలుగూ కనపడందే ఎవరూ లిఫ్ట్ ఎక్కకూడదు. చెట్లలోకి వెళ్తే ఇద్దరిద్దరు, కనుచూపు దూరంలో. మీరు ఏ బ్యాచ్‌తో వెళ్లినా ముందు చూడాల్సింది వాళ్లు మలుపు దగ్గర ఆగుతారా లేదా అనే. ఆగకపోతే బ్యాచ్ మార్చండి.

సామాన్ల గురించి రెండు మాటలు. జీన్స్ వేసుకుని వెళ్లొద్దు, మనవాళ్లంతా మొదటిసారి చేసే తప్పు అదే. ఇక్కడి తడి మంచుకి గంటలో నానిపోయి తొడలకి అతుక్కుంటాయి. నీరు దిగని ప్యాంటు ఎవరి దగ్గరైనా అరువు తీసుకోండి. బోర్డు, బూట్లు మొదటి ఏడాది అద్దెవే చాలు. మణికట్టు గార్డులు మాత్రం కొనుక్కోండి. కొత్తవాళ్లు పడేటప్పుడు చెయ్యి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకోవడం మామూలు, కీబోర్డు మీద బతికేవాళ్లకి అది మంచిది కాదు. వారం మధ్యలో ఆఫీసయ్యాక స్నోక్వాల్మీలో రాత్రి దీపాల కింద కూడా దిగొచ్చు, జనం తక్కువ.

తెనాలి కిందటేడు డల్లాస్ మారిపోయాడు. ఇల్లు చౌక, తెలుగు బడి దగ్గర, అన్నీ నిజమే. కొండ మాత్రం లేదు. బోర్డు పట్టుకెళ్లి ఏం చేసుకుంటాను, నీ దగ్గర ఉంచు మావా అన్నాడు. ఇప్పుడు లిఫ్ట్ బెంచీ మీద మేం ముగ్గురమే, నాలుగో చోట ఎవరో ఒక తెలియని మనిషి కూర్చుంటాడు. వాలు మీద అలవాటు కొద్దీ కుడిపక్క జాగా వదిలి దిగుతున్నాను. నల్గొండ ఆ జాగాలోకి వస్తాడు, వాడి వీపు కనిపిస్తుంది.

ఫిబ్రవరిలో నాలుగు రోజులకి టికెట్ తీశానని తెనాలి నిన్న ఫోను చేశాడు. రాత్రి గరాజ్‌లో వాడి బోర్డు కిందికి దింపాను. అంచుకి కాస్త తుప్పు పట్టింది, గీకాను. పాత ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి వేశాను, ఆరాక గోకాలి. వాడి బైండింగులు, అంటే బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బిగింపులు మాత్రం ముట్టుకోలేదు, కోణం కొంచెం మారినా గోల పెడతాడు.