తుపాను హెచ్చరిక వచ్చాక ముందు ఏ పని? (ఇల్లు, కొబ్బరి, వరి)

మీ ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర రేకుల ఇల్లు, 2 ఎకరాల కొబ్బరి, ఎకరన్నర వరి, రెండు ఆవులు. తుపాను అంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మనుషులు కావలసిన పనితో మొదలుపెట్టండి. బరకాలు (టార్పాలిన్లు), తాళ్లు, కొవ్వొత్తులు ఆఖరి రోజు దాకా దొరుకుతాయి. కొబ్బరి దింపు కార్మికులు, కోత కూలీలు మాత్రం హెచ్చరిక వచ్చిన సాయంత్రానికే దొరకరు, ఊరందరికీ ఒకేసారి కావాలి కదా. తీరంలో గాలీ వానా మొదలవడానికి కనీసం 48 గంటల ముందు వాతావరణ శాఖ అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ ఇస్తుంది. అలర్ట్ వినగానే తోటకి మనిషిని మాట్లాడండి, ఇంటి పని వార్నింగ్ దాకా ఆగుతుంది.

కొబ్బరిలో ముదిరిన గెలలు, ఎండు మట్టలు దింపించండి. తల బరువు తగ్గితే గాలికి చెట్టు ఊగడం తగ్గుతుంది, ఎగిరొచ్చే కాయల బెడదా పోతుంది. కొందరు పచ్చ మట్టలు కూడా నరికించేస్తారు, అది వద్దు. ప్రతి మట్ట మొదట్లోనే ఒక గెల పుడుతుంది. మట్ట పోతే రేపటి కాపు పోయినట్టే.

వరి విషయంలో చాలామంది కంగారులో పొరపాటు చేస్తారు. వాన మొదలయ్యే లోపు కోసి, మోసి, కుప్ప వెయ్యగలరా? లేకపోతే కొడవలి పట్టుకోకండి. నిలబడ్డ చేను పడిపోయినా కొంత దక్కుతుంది. కోసి పనల మీద (చేలోనే పరిచి) వదిలేసింది నీళ్లలో నాని రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతుంది. కొయ్యని మడికి పల్లం వైపు గట్టు తెగ్గొట్టి నీళ్లు పోయే దారి ఉంచండి. పడిపోయిన చేనుని గాలి తగ్గాక నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టండి.

పనలు తడిసిపోతే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద పడేలా కొట్టండి. ఎకరానికి 200 లీటర్లు, అంటే 10 కిలోల ఉప్పు. మొలక ఆగేది దీనితోనే. తడి పనలు గట్టిగా కుప్ప వేసి బరకం కప్పేస్తే లోపల ఆవిరి పుట్టి గింజ పసుపు తిరుగుతుంది. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే వెంటనే విప్పి ఆరబెట్టాలి. నూర్చిన ధాన్యం తడిస్తే, ఎండ వచ్చేదాకా ఆపడానికి క్వింటాకు 5 కిలోల ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పెట్టండి.

ఇక ఇల్లు. సిమెంటు రేకు చూరు దగ్గరే ముందు లేస్తుంది. ఉప్పుగాలికి అక్కడి కొక్కెం బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. వేలితో కదిపి చూసి, వదులైనవి మార్చండి. ఇసుక బస్తాలు రెండేసి తాడుతో జత కట్టి, నడికప్పు మీంచి అటొకటి ఇటొకటి వేలాడేలా వెయ్యండి. విడి రాళ్లు, ఇటుకలు పెట్టకండి, గాలికి దొర్లి మనుషుల మీదే పడతాయి. రేకు మీద ఎక్కితే పలక వేసుకుని, కింద దూలం ఉన్నచోటే అడుగు వెయ్యాలి. గాలి కొట్టే వైపు తలుపులు, కిటికీలు గట్టిగా బిగించాలి. లోపలికి దూరిన గాలే కప్పుని కింద నుంచి ఎత్తేస్తుంది.

గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తెరిపిస్తే బయటికి రావద్దు. అది తుపాను కన్ను. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి తిరగబడుతుంది. అందుకే పశువుల పాకకి ఊతాలు ఒక్క వైపే పెడితే సరిపోదు, రెండు వైపులా కావాలి. ఆవులకి పలుపు విప్పి మెరక మీదికి వదిలెయ్యండి. కట్టుగొయ్యకి ఉన్న పశువు నీళ్లొస్తే ఏమీ చేసుకోలేదు. పూరింట్లో ముసలివాళ్లుంటే ‘ఏం కాదులే’ అంటారు, మాట వినకుండా పగలే పక్కా ఇంటికో షెల్టరుకో చేర్చండి.

ఎత్తున పెట్టిన ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు ఉంటే నింపి ఉంచండి. ఖాళీదే ముందు ఎగిరేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో (కవిటి, పలాస చుట్టుపక్కల) చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, బోరు మోటార్లు ఆగిపోయి తాగునీటికి తిప్పలు పడ్డారు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి 5 లీటర్ల లెక్కన ఐదుగురికి వారానికి 175 లీటర్లు, అంటే ఒక 200 లీటర్ల డ్రమ్ము సరిపోతుంది.

గాలి పోయాక తోటలో లేత చెట్లు ఒరిగితే వేళ్లు తడిగా ఉన్న నాలుగు రోజుల్లోనే లేపాలి. ఒరిగిన దిక్కుకి ఎదురు వైపు మట్టి తవ్వి, మొదలుకి గోనె చుట్టి తాడుతో మెల్లగా లాగి, మూడు సరుగుడు వాసాలు ఊతం పెట్టండి. మొవ్వు ఆకుని (తల నడిమి లేత ఆకుని) మెత్తగా లాగి చూడండి. ఊడి చేతికొచ్చి కంపు కొడితే మొవ్వు కుళ్లు. కుళ్లింది చెక్కేసి బోర్డో పేస్టు పుయ్యాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. జీడి చెట్లు కూడా ఉంటే, విరిగిన కొమ్మల్ని నున్నగా కోసి అదే పేస్టు రాయండి.

బావిలో వరద నీరు చేరితే తోడించి, ఊరిన నీటికి 1000 లీటర్లకు 5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, గంట ఆగి వాడుకోండి. నష్టం ఫోటోలు చెట్లు లేపక ముందే తియ్యండి. బీమా కట్టి ఉంటే 72 గంటల్లో తెలియజెయ్యాలి. ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో మీ పంట ఎక్కిందో లేదో మాత్రం ఇవాళే చూసుకోండి. మోటారు స్టార్టరు డబ్బాలోకి నీళ్లు వెళ్తే, కరెంటు వచ్చింది కదా అని బటన్ నొక్కకండి. మెకానిక్ చేత ఆరబెట్టించి చూపించాకే నొక్కండి, లేకపోతే మోటారు వైండింగ్ (లోపలి తీగ చుట్ట) కాలిపోతుంది.