బాంబులు పడ్డ ఊరిని మళ్ళీ కట్టేటప్పుడు జనాన్ని అడగడం కాలయాపనేనా?

యుద్ధంలో నేలమట్టమైన ఊరిని తిరిగి కట్టేటప్పుడు నిపుణులే ఖర్చూ లాభం లెక్కవేసి తేల్చేస్తే సరిపోదా, జనాన్ని అడుగుతూ కూర్చుంటే ఆలస్యం కాదా అని అడిగారు. నేను కొన్నేళ్లుగా నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్‌లో ఉంటున్నాను, నిర్మాణాల ఖర్చు అంచనాలు వేయడం నా ఉద్యోగం. అడగకుండా వేసిన లెక్క తప్పుతుందని ఈ ఊరిని చూశాక గట్టిగా నమ్ముతున్నాను.

1940 మే 14న జర్మన్ విమానాలు బాంబులు వేస్తే ఊరి నడిబొడ్డు తగలబడిపోయింది. దాదాపు 25,000 ఇళ్లు పోయాయి, 80,000 మంది రోడ్డున పడ్డారు. నాలుగు రోజులకే కొత్త ప్లాను గీసే పని విట్టెవీన్ అనే అధికారికి అప్పగించారు. కాలిన స్థలాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. యజమానుల పరిహారం ఖాతాల్లో రాసుకున్నారు. కానీ ఎంతోమంది అద్దె ఇళ్లవాళ్లు. పనికి నడిచి వెళ్లగలిగే దూరం, అప్పిచ్చే కొట్టు, తెలిసిన ఇరుగుపొరుగు, ఇవీ వాళ్లు పోగొట్టుకున్నవి. వీటికి ఏ ఖాతాలోనూ చోటు లేదు.

విట్టెవీన్ తర్వాత ఆ పని చేపట్టిన వాన్ ట్రా అనే అధికారి గీసిన, 1946లో ఆమోదించిన ప్లాను వెడల్పు రోడ్లకు, ఆఫీసులకు, దుకాణాలకు పెద్దపీట వేసి, ఇళ్లను చాలావరకు నడిబొడ్డు బయటికి పంపింది. 1953లో తెరిచిన లైన్‌బాన్ అనే, బండ్లు తిరగని షాపింగ్ వీధి నిజంగా గొప్ప పని. కానీ షాపులు మూసేశాక సెంటర్ బోసిపోయేది. తర్వాతి దశాబ్దాల్లో అక్కడికి మళ్ళీ ఇళ్లను తేవడానికి ఊరు మళ్ళీ ఖర్చు పెట్టింది. మొదట్లో ఆదా అనుకున్నది ఇలా తేలింది.

1970ల్లో పాత పేటలను బాగుచేసేటప్పుడు పద్ధతి మార్చారు. ప్రాజెక్టు బృందాల్లో అక్కడ నివసించేవాళ్లకే మెజారిటీ ఇచ్చారు.

నేను చూసింది ఒకటి చెప్తాను. ఒక పేట మీటింగ్‌లో, రకరకాల ప్లాన్లను పోలుస్తూ కన్సల్టెంట్లు తెచ్చిన ఖర్చు-లాభాల పట్టికలో అన్నిటికన్నా పెద్ద లాభం, కార్లవాళ్లకు ఆదా అయ్యే సమయం. ఒక పెద్దావిడ మ్యాప్ మీద వేలు పెట్టి, "ఈ సందు మూసేస్తే ఆస్పత్రి బస్సు కోసం నేను వాకర్‌తో ఇదంతా చుట్టి రావాలి" అంది. డ్రైవర్ల నిమిషాలకు విలువ కట్టారు, ఆవిడ నిమిషాలకు కట్టలేదు. ఆవిడలాంటి వాళ్ల సమయం కూడా కలిపి లెక్క వేస్తే, అంతకుముందు రెండో స్థానంలో ఉన్న ప్లాను పైకొచ్చింది. ఆ సమాచారం ఏ ఆఫీసు ఫైల్లోనూ దొరికేది కాదు.

ఇక ఆలస్యం సంగతి. నీళ్లు, కరెంటు, తాత్కాలిక ఇళ్లు, తాత్కాలిక దుకాణాలు వెంటనే కట్టాల్సిందే, రోటర్‌డ్యామ్‌లోనూ అలాగే కట్టారు. వాటికి మీటింగులు అక్కర్లేదు. రోడ్డు ఎటు పోవాలి, ఎవరి స్థలం ఎవరికి పోతుంది, ఎవరు తిరిగి రాగలరు అనేవి మాత్రం వందేళ్లు నిలిచే నిర్ణయాలు. వాటికి కొన్ని నెలలు కేటాయిస్తే నష్టమేమీ లేదు.

అసలు చిక్కు మరొకటుంది. యుద్ధం తర్వాత, అడగాల్సిన మనుషులే ఊళ్లో ఉండరు. ఉక్రెయిన్ నగరాలనే తీసుకోండి, ఎంతోమంది పోలండ్‌లోనో, జర్మనీలోనో ఉన్నారు. ఊళ్లోనే మీటింగ్ పెడితే వచ్చేది మిగిలినవాళ్లు, స్థలాలున్నవాళ్లు, కాంట్రాక్టర్లు. కాబట్టి వెళ్లిపోయినవాళ్లు ఉన్న చోటికే మ్యాపులు పట్టుకుని వెళ్లాలి, అద్దెకున్నవాళ్ల జాబితా విడిగా రాయాలి, ఆ ఖర్చును మొదటి అంచనాలోనే పెట్టాలి.