బురద కేంద్రకంలో లేదమ్మా

అమ్మాయ్,

పరమాణు కేంద్రకంలో మెసాన్ల బరువు గురించి నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. కోవూరు దగ్గర దమ్ము చేసిన మడిలో నాట్లు వేస్తుంటే మీ అమ్మ కాలు పిక్కల దాకా ఎలా దిగబడుతుందో, ఒక్కో అడుగు పీకి ఇంకో అడుగు వెయ్యడం ఎంత బరువో రాశావే, ఆ పేరా నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు. దాన్ని తీసెయ్యొద్దు. కానీ తప్పు చోట పెట్టావు.

కేంద్రకం లోపల కిక్కిరిసి ఉంటుంది కాబట్టి మెసాన్, అంటే ఒక క్వార్కూ ఒక ప్రతిక్వార్కూ కలిసిన కణం, అక్కడ బురదలో కాలులాగా బరువెక్కుతుందన్నావు. ఒక్క ఘన సెంటీమీటరుకి దాదాపు 23 కోట్ల టన్నులు తూగే పదార్థం అనగానే చదివేవాళ్లు ఆ మాట ఇట్టే నమ్మేస్తారు, నా టెన్షన్ అదే. అసలు సంగతి దాదాపు తలకిందులు. బురద ఉన్నది బయట, మనం శూన్యం అనుకునే చోట.

శూన్యం ఖాళీ కాదు. ప్రోటాన్ లాంటివాటిని కట్టే చిన్న కణాలు క్వార్కులు, వాటి ప్రతికణాలు ప్రతిక్వార్కులు, వీటి జంటలు శూన్యాన్ని ఒక మడిలాగా నింపి ఉంచుతాయి, దీన్నే కైరల్ కండెన్సేట్ అంటారు. 1961లో నంబు, జోనా-లసీనియో అనే భౌతికశాస్త్రవేత్తలు చూపించిన దారి ఇది, 2008లో నంబుకి నోబెల్ వచ్చింది. క్వార్కులకి కుడివాటం, ఎడమవాటం అని రెండుంటాయి. ద్రవ్యరాశి లేకపోతే అవి దేని దారిన అవి పోవాలి, ఆ సమానత్వమే కైరల్ సౌష్ఠవం. శూన్యంలో ఉన్న ఆ నిండుదనం రెండింటినీ కలిపేసి దాన్ని విరిచేస్తుంది. ప్రోటాన్ బరువు 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల బరువు ఈ లెక్కలోనే చెప్తారు) ఉంటే అందులోని మూడు క్వార్కుల సొంత బరువు కలిపినా 9 దగ్గరే ఉంటుంది. మిగతాదంతా క్వార్కులని కట్టి ఉంచే బలమైన బలం లెక్క, అందులో ఈ విరుపుకి పెద్ద వాటా ఉంది. సౌష్ఠవం నిలిచి ఉంటే 775 దగ్గరుండే రో మెసాన్, 1230 దగ్గరుండే ఏ1 మెసాన్ ఒకే బరువుండాలి. నీ వ్యాసంలో సౌష్ఠవం అనే మాట పదకొండుసార్లు వచ్చింది, ఈ రెండు అంకెలు ఒక్కసారీ రాలేదు. ఆ మాటల్లో సగం కొట్టేసి ఇవి పెట్టు.

ఇప్పుడు కేంద్రకంలోకి రా. అక్కడ ఆ నిండుదనం పలచబడుతుంది. ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట రుణ పయాన్ అనే తేలిక మెసాన్‌ని పెట్టి, అది తగరం కేంద్రకాన్ని ఆనుకుని తిరిగేలా చేసి, ముందు జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో, తర్వాత జపాన్‌లోని రికెన్‌లో కొలిచారు. ఆ కొలతలని బట్టి మామూలు కేంద్రక సాంద్రత దగ్గర కండెన్సేట్ సుమారు మూడో వంతు తగ్గుతుంది.

అయితే అన్ని మెసాన్లూ తేలికవుతాయని మాత్రం రాయకు. 1991లో బ్రౌన్, రో అనే ఇద్దరు సిద్ధాంతకర్తలు చాలా కణాల బరువు ఒకే తీరున తగ్గాలన్నారు. నేను అది చదివిన ఉత్సాహంలో ఒక పత్రికకి "రో మెసాన్ బరువు తగ్గిపోతుంది" అని తేల్చి రాశాను. తర్వాత యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో ఎన్‌ఏ60 ప్రయోగం ఇండియం కేంద్రకాలని ఢీకొట్టించి చూస్తే, గ్రాఫులో బరువుని చూపే రో మెసాన్ శిఖరం పక్కకి జరగలేదు, అలాగే ఉండి బాగా వెడల్పయింది. నా వాక్యం అచ్చులో అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే చెప్తున్నా, "కావాలి" అన్నదాన్నీ "కనిపించింది" అన్నదాన్నీ ఒకే క్రియతో రాయొద్దు.

ఫై మెసాన్ సంగతి చూడు, వ్యాసానికి అదే గుండెకాయ కావాలి. జపాన్‌లోని కెఇకె ప్రయోగశాలలో కార్బన్ మీదా రాగి మీదా ప్రోటాన్లు కొట్టి, ఫై విరిగి వచ్చే ఎలక్ట్రాన్, ప్రతిఎలక్ట్రాన్ జంటలని పట్టారు. ఎలక్ట్రాన్లే ఎందుకంటే బలమైన బలం వాటిని ముట్టుకోదు, లోపలి కబురు చెడకుండా బయటికి వస్తుంది. మార్పు రాగిలోనే, అదీ నిదానంగా కదిలిన ఫైలలోనే కనిపించింది. వేగంగా పోయేది బయటికొచ్చాకే విరుగుతుంది కదా, దానికి లోపలి సంగతి ఏం తెలుస్తుంది! 2007లో వాళ్లు ఫై బరువులో చెప్పిన తగ్గుదల 3.4 శాతం. ఆ నిదానం గురించి ఒక పేరా మొత్తం రాయి.

కేయాన్లనే మెసాన్లని కూడా వదలొద్దు. ధన, రుణ కేయాన్లు ఒకదానికొకటి ప్రతికణాలు, బయట రెండూ సరిగ్గా ఒకే బరువు, దాదాపు 494. కేంద్రకంలో మాత్రం రుణ కేయాన్‌ని చుట్టూ ఉన్నవి దగ్గరికి లాక్కుంటాయి, ధన కేయాన్‌ని కాస్త నెడతాయి. చుట్టూ అంతా పదార్థమే, ప్రతిపదార్థం లేదు, అందుకే కణానికీ ప్రతికణానికీ మధ్య ఉండే సమానత్వం అక్కడ చెల్లదు.

మళ్లీ మీ మడి దగ్గరికి. మెసాన్‌ని గట్టెక్కించకు, ఎందుకంటే కండెన్సేట్ మూడో వంతే తగ్గింది. తూము దగ్గర నీళ్లెక్కువై బురద పలచబడిన మూల ఉంటుంది చూడు, కేంద్రకం అది. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా నువ్వే చెప్పెయ్యి. బురద నడిచే కాలిని ఆపేస్తుంది, ద్రవ్యరాశి కదులుతున్నదాన్ని ఆపదు. ఆ మూలకి వచ్చినప్పుడు కాలికి ఎలా ఉంటుందో మీ అమ్మని అడిగి, ఆమె మాటల్లోనే రాసి పంపు.