ఫోన్ బిల్లు దానంతటదే చెల్లిపోవాలంటే: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

వరుసగా రెండు నెలలు ఫోన్ బిల్లు గడువు మరచిపోయి ఆలస్య రుసుము కట్టానని, ఇక మీదట నెలనెలా దానంతటదే చెల్లిపోయేలా ఆటో పే పెట్టుకోవాలనుకుంటున్నానని, అందుకు జీతం పడే ఖాతా డెబిట్ కార్డు ఇస్తే సరిపోతుందా అని అడిగావు. నాయనా, ఆ ఒక్క కార్డు మాత్రం ఇవ్వకు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, బ్యాంకు ఉద్యోగంలో చివరి కొన్నేళ్ళు కార్డు ఫిర్యాదుల విభాగంలోనే గడిపాను. ఇలాంటి చెల్లింపులు ఎక్కడ బెడిసికొడతాయో అక్కడి బల్ల మీద ప్రతిరోజూ చూశాను.

మనం ప్రతి నెలా బిల్లు చూసుకుని డబ్బు పంపడం వేరు, అవతలివాళ్ళే వచ్చి తీసుకుపోవడానికి ముందుగా అనుమతి రాసి ఇవ్వడం వేరు. ఆటో పే రెండో రకం. అందువల్ల ఏ పద్ధతి సులువు, ఏది త్వరగా అవుతుంది అన్న లెక్క పక్కన పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఒక నెల తప్పు మొత్తం పోతే, ఆ తగాదా తేలేదాకా బయట ఉండేది ఎవరి డబ్బు? డెబిట్ కార్డు అయితే నీ డబ్బు. ఖాతాలోంచి ముందు పోతుంది, న్యాయం తరువాత జరుగుతుంది. క్రెడిట్ కార్డు అయితే ముందుగా పోయేది బ్యాంకు సొమ్ము. బిల్లు గడువు లోపల ఫిర్యాదు చేస్తే, నీ జేబులోంచి ఒక్క రూపాయి కదలకముందే విచారణ మొదలవుతుంది.

ఈ తేడా నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. ఫిర్యాదులు వినే ఉద్యోగంలో ఉండి కూడా నా ఫోన్ బిల్లును జీతపు ఖాతా డెబిట్ కార్డుకే తగిలించి ఉంచాను; దీపం కింద చీకటి అంటారు చూడు, అలాగన్నమాట. ఒక నెలాఖరున ఆ ఫోన్ కంపెనీ లెక్కల్లో ఏదో తేడా వచ్చి ఒకే బిల్లును మూడుసార్లు లాగేసుకుంది. పాస్‌బుక్ ముద్ర వేయించి చూస్తే ఒకే తేదీ, ఒకే పేరు, ఒకే మొత్తం, మూడు వరుసల్లో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నాలుగో వరుసలో ఇంటి అప్పు వాయిదాకు నిల్వ చాలక వేసిన జరిమానా ఉంది. అదనంగా పోయిన డబ్బు తిరిగి రావడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. జరిమానాను మాత్రం మా శాఖలోనే పది సార్లు అడిగి రద్దు చేయించుకున్నాను. కంపెనీ మోసం చేయలేదు, దొంగ ఎవరూ లేడు, అయినా ఆ నెల ఇల్లంతా తడబడింది.

కాబట్టి నా మొదటి సలహా, పరిమితి తక్కువగా ఉన్న ఒక క్రెడిట్ కార్డును ఇలాంటి నెలవారీ బిల్లులకే కేటాయించి, దాన్ని బయట దుకాణాల్లో వాడకుండా ఉంచుకోవడం. దాని స్టేట్‌మెంటులో మూడు నాలుగు వరుసలకు మించి ఉండవు కనుక తేడా వస్తే కంటికి వెంటనే తగులుతుంది. అప్పు చేయడం ఇష్టం లేక క్రెడిట్ కార్డుకు దూరంగా ఉంటావని నాకు తెలుసు, ఆ బుద్ధిని మార్చుకోమని చెప్పను. ఆ పక్షంలో ఇంకొక పొదుపు ఖాతా తెరిచి, అందులో రెండు మూడు బిల్లులకు సరిపడా నిల్వ మాత్రమే ఉంచి, ఆ ఖాతా డెబిట్ కార్డును ఇవ్వు. ఏం జరిగినా పోయేది అంతవరకే. నీ బ్యాంకు వర్చువల్ కార్డు ఇస్తే, అంటే ఒకే వ్యాపారికి వాడేలా వేరే నంబరుతో, నువ్వు పెట్టిన పరిమితితో ఆప్‌లోనే పుట్టే కార్డు ఇస్తే, అది ఇంకా మంచిది. ఫోన్ కంపెనీ దగ్గర ఆ నంబరు బయటపడినా నీ అసలు కార్డు మార్చుకోవలసిన పని ఉండదు.

క్రెడిట్ కార్డు ఎంచుకుంటే ఒక పొరపాటు చేయకు. ఫోన్ బిల్లు కార్డుకు, కార్డు బిల్లు ఖాతాకు, రెండూ ఆటో పేలుగా గొలుసులా తగిలిస్తే మధ్యలో మనిషి కన్ను ఎక్కడా పడదు. ఒకటి దానంతటదే పోనీ, రెండోది నీ చేత్తో కట్టు. కార్డు బిల్లు పూర్తిగా కట్టకుండా కనీస మొత్తం కట్టి వదిలేస్తే పడే వడ్డీ ముందు ఆలస్య రుసుము ఏపాటిదో నీకు చెప్పనక్కరలేదు.

కార్డు లేకుండా నేరుగా బ్యాంకు ఖాతా మీదే అనుమతి ఇచ్చే పద్ధతి మంచిదా కాదా అన్నది నువ్వు ఉన్న దేశపు నియమాన్ని బట్టి తేలుతుంది. ఐరోపాలో యూరోలతో ఇలా ఖాతా నుంచి నేరుగా తీసుకునే పద్ధతి అయిన సెపా డైరెక్ట్ డెబిట్‌కు డబ్బు పోయిన 8 వారాల్లోగా కారణం చెప్పకుండానే వాపసు అడగవచ్చు, అసలు అనుమతే ఇవ్వని డెబిట్ అయితే 13 నెలల దాకా గడువు ఉంటుంది. బ్రిటన్‌లో డైరెక్ట్ డెబిట్ గ్యారంటీ కింద పొరపాటున తీసిన మొత్తాన్ని బ్యాంకే తిరిగి ఇవ్వాలి. అలాంటి చోట ఖాతా మీది అనుమతి కార్డుకు ఏమీ తీసిపోదు. భారతదేశంలో రిజర్వు బ్యాంకు నియమం వేరే దారిలో కాపాడుతుంది: కార్డు మీద ఇలా మళ్ళీ మళ్ళీ జరిగే చెల్లింపుకు డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందు నీకు సమాచారం రావాలి, ఆ సమాచారం అందాక ఆ నెల చెల్లింపును ఆపుకునే వీలు ఉండాలి, ఫోన్ బిల్లు వంటివాటిలో 15,000 రూపాయలు దాటితే ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ కావాలి. ఆ ముందస్తు సందేశాన్ని ప్రకటన అనుకుని చెరిపేసేవాళ్ళను ఎంతమందిని చూశానో. ఆ ఒక్క రోజు గడువే నీ చేతిలో ఉన్న తాళం.

అనుమతి ఇచ్చేటప్పుడు గరిష్ఠ మొత్తం ఎంత అని అడిగే గడి ఒకటి వస్తుంది. చాలామంది అక్కడ ముందే వేసి ఉన్న పెద్ద అంకెను అలాగే వదిలేసి కింద నొక్కేస్తారు. నువ్వు గత ఆరు బిల్లులు తీసి చూసి, అందులో ఎక్కువదానికి కొంచెం పైన వేసుకో. విదేశానికి వెళ్ళి రోమింగ్ వాడిన నెల బిల్లు ఆ గీత దాటి చెల్లింపు ఆగిపోతుంది, నిజమే. ఆ నెల బిల్లును నువ్వు కళ్ళతో చూడవలసిందే కదా.

ఫోన్ బిల్లుకు మిగతా బిల్లులకు లేని ఒక చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. చెల్లింపు విఫలమైందన్న కబురు వచ్చేది ఆ ఫోనుకే, నీ బ్యాంకు ఓటీపీ వచ్చేది కూడా ఆ నంబరుకే. కార్డు గడువు తీరి చెల్లింపు ఆగి, ఆ సంగతి నువ్వు గమనించకపోతే, కనెక్షన్ ఆగిపోయిన రోజున బిల్లు కట్టడానికి కావలసిన ఓటీపీ కూడా నీకు అందదు. నంబరు శాశ్వతంగా రద్దయితే కొన్నాళ్ళకు అది మరొకరికి కేటాయించబడవచ్చు, అప్పుడు నీ ఖాతాల కబుర్లు వారి చేతిలో పడతాయి. అందుకని ఫోన్ కంపెనీలోనూ బ్యాంకులోనూ ఈమెయిలుకు కూడా సమాచారం వచ్చేలా పెట్టుకో. కార్డు మీది గడువు నెలకు ఒక నెల ముందు క్యాలెండరులో గుర్తు వేసుకో.

దీనికి తిరగబడ్డ సంగతి ఇంకొకటి ఉంది. కార్డు రద్దు చేస్తే ఆటో పే ఆగిపోతుందని నమ్మకు. కొత్త కార్డు వచ్చినప్పుడు దాని నంబరును, గడువును వ్యాపారులకు అందజేసే సేవలను కొన్ని కార్డు సంస్థలు నడుపుతాయి, దానివల్ల మనం మరచిపోయిన చెల్లింపులు కొత్త కార్డు మీద కూడా కొనసాగవచ్చు. కంపెనీ మారినప్పుడు పాత కంపెనీ ఆప్‌లో ఆటో పే తీసివేసి, బ్యాంకు ఆప్‌లో ఉండే అనుమతుల జాబితాలోంచి కూడా రద్దు చేసి, చివరి బిల్లు తేలిన కాగితం దాచుకో.

మోసగాళ్ళ మాట క్లుప్తంగా చెబుతాను. ‘మీ ఆటో పే విఫలమైంది, ఈ రాత్రికి కనెక్షన్ ఆగిపోతుంది’ అని లింకుతో సందేశం వస్తే లింకు ముట్టుకోకుండా కంపెనీ ఆప్‌ను నువ్వే తెరిచి బిల్లు స్థితి చూడు. కార్డు వెనుక ఉండే మూడంకెల సీవీవీని చెల్లింపు ఆమోదం పొందాక ఏ వ్యాపారీ దాచుకోకూడదని కార్డు సంస్థల భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ చెబుతుంది. అలాంటప్పుడు ‘మా దగ్గర ఉన్న సీవీవీతో సరిపోల్చుకుంటాం, చదవండి’ అనే మనిషి ఎవరో నీకే అర్థమవుతుంది. భారతదేశంలోనైతే 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు అసలు కార్డు నంబరు కూడా దాచుకోకూడదు, దాని బదులు టోకెన్, అంటే అసలు నంబరుకు మారుగా వాడే వేరే సంకేతం, ఉంచుకోవాలి. నమోదు చేసేటప్పుడు కార్డును భద్రపరచడానికి నీ సమ్మతి అడిగేది అందుకే.

మొదటి రెండు నెలలు డబ్బు పోయిన రోజు సాయంత్రం బిల్లును, బ్యాంకు సందేశాన్ని పక్కపక్కన పెట్టి అంకెలు సరిచూడు. ఏ కార్డు ఎంచుకున్నావో, గరిష్ఠ మొత్తం గడిలో ఎంత వేశావో నాకు ఒక మాట వ్రాయి. కార్డు నంబరు మాత్రం వ్రాయకు.

ఇట్లు,
మీ అత్తయ్య