గడ్డ పోవాలి, గొంతు పోకూడదు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ప్రైమరీ స్కూల్ టీచర్ని. మెడకు కుడివైపు రెండేళ్లుగా ఉసిరికాయంత గడ్డ ఉంది. నొప్పి లేదు, నొక్కితే మాత్రం దగ్గొస్తుంది. టీబీ గడ్డేమోనని రెండు నెలలు మందులు వాడించి మానిపించారు. సూది పరీక్షలో ఏమీ తేలలేదు. ఎమ్మారైలో వేగస్ నరం మీద ష్వానోమా అని వచ్చింది. ఆపరేషన్ చేస్తే గొంతు పోవచ్చంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. – ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ష్వానోమా క్యాన్సర్ కాదు. నరానికి తొడుగులా ఉండే ష్వాన్ కణాలు పెరిగి గడ్డ కడతాయి. చెడుగా మారడం చాలా అరుదు.

మన దగ్గర మెడలో గడ్డ కనిపిస్తే ముందు గండమాలే, అంటే టీబీ గడ్డే గుర్తొస్తుంది. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ దగ్గు. స్వరపేటికకు వెళ్లే నరం వేగసే కాబట్టి, దాని మీది గడ్డను నొక్కితే దగ్గొస్తుంది. ఇలాంటి గడ్డను రెండు వేళ్లతో పట్టుకుంటే పక్కలకు జరుగుతుంది, పైకీ కిందికీ జరగదు. నిలువుగా బిగించిన తాడుకు ముడి వేసినట్టు ఉంటుంది.

ఇక మీ భయం. అది ఉత్త భయం కాదు. గడ్డతో పాటు నరాన్ని కోసేస్తే ఆ వైపు స్వరతంత్రి కదలదు, గొంతు బొంగురుపోతుంది. అందుకే వీలైనంతవరకు నరం పోగులను తప్పించి, గడ్డ పై పొరను నిలువుగా చీల్చి, లోపలిది మాత్రం తీస్తాం. తాటికాయలోంచి ముంజెను నీరు కారకుండా బొటనవేలితో తోడతారే, అంత నెమ్మదిగా. ఇంత చేసినా కొన్ని నెలలు గొంతు బొంగురుగా ఉండొచ్చు, కొందరికి అలాగే మిగలొచ్చు. అప్పుడు స్పీచ్ థెరపీ, స్వరతంత్రిని మధ్యకు జరిపే చికిత్స ఉన్నాయి.

మీ సర్జన్‌ని అడగండి: పొర లోపలి నుంచి తీస్తారా? నరాన్ని కనిపెట్టి ఉండే మానిటర్ వాడతారా? ఆపరేషన్‌కు ముందే కెమెరాతో స్వరతంత్రులు చూపించుకోండి.

తొందరేం లేదమ్మా. ఇవి ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతాయి. గొంతు మారకుండా, మింగడం ఇబ్బంది లేకుండా ఉంటే ఆరు నెలలకు మళ్లీ ఎమ్మారై తీయించి చూడొచ్చు. చేయించుకోవాలనుకుంటే వేసవి సెలవులు మొదలవగానే పెట్టుకోండి. జూన్‌లో క్లాసుకి వెళ్లేటప్పుడు నడుముకు కట్టుకునే చిన్న మైకు తీసుకెళ్లండి. గొంతు పెంచి అరవొద్దు.