చంద్రుడు పడుతూనే ఉన్నాడు

ప్రశ్న: మాస్టారూ, మా బాబు ఏడో తరగతి. "కాయని లాగే భూమి చందమామని కూడా లాగుతుంటే అది మన మీద పడాలి కదా?" అని రెండు రోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు. "తిరుగుతోంది కాబట్టి పడదు" అన్నాను. "తిరిగితే ఎందుకు పడదు?" అంటాడు. నాకూ ఒక అనుమానం. చంద్రుడు కూడా భూమిని లాగుతాడా, పెద్దదే చిన్నదాన్ని లాగుతుందా?
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు మీ బాబుకి చెప్పండి, చంద్రుడు పడుతూనే ఉన్నాడు. నేలని తాకడం లేదు, అంతే.

బడిలో దీన్ని దారానికి రాయి కట్టి తిప్పి చూపించేవాణ్ని. ఒకసారి తొమ్మిదో తరగతిలో దారం పుటుక్కున తెగింది. రాయి వెళ్లి కిటికీ రెక్కకి తగిలింది. ఏ పిల్లాడికైనా తగిలుంటే ఏమయ్యేదోనని నాకు ఒకటే టెన్షన్. వెనక బెంచీ కుర్రాడు మాత్రం తాపీగా లేచి, "సార్, బయటికి లాగే బలం ఉందన్నారుగా. తెగినప్పుడు రాయి బోర్డు వైపు ఉంది, మరి కిటికీ వైపు పోయిందేంటి?" అన్నాడు. వాడన్నదే కరెక్టు. తెగిన క్షణంలో ఎటు పోతోందో రాయి అటే తిన్నగా పోతుంది. బయటికి తోసేది ఏదీ లేదు, లోపలికి లాగే దారమే ఉంది. అన్నేళ్లూ నేను తప్పు చెప్పానన్నమాట.

చంద్రుడి విషయంలో ఆ దారం భూమి ఆకర్షణ. లెక్క చిన్నదే, బాబుని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. తాటిచెట్టు మీంచి జారిన కాయ మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. భూమి మధ్య నుంచి కాయ ఉన్న దూరానికి సుమారు 60 రెట్ల దూరంలో చంద్రుడున్నాడు. దూరం 60 రెట్లయితే లాగుడు 60 సార్లు 60, అంటే 3,600 వంతులు తగ్గుతుంది. 4.9 మీటర్లని 3,600తో భాగించండి. సెకనుకి ఒకటిన్నర మిల్లీమీటరు కూడా రాదు. చంద్రుడు పడేది అంతే. ఆ సెకనులోనే పక్కకి సుమారు ఒక కిలోమీటరు సాగిపోతాడు. అలా తిన్నగా పోవడం వల్ల భూమికి ఎంత ఎడం కావాలో అదీ సరిగ్గా అంతే, మిల్లీమీటరు పైన కాస్త. ఎడమైనంతా పడతాడు, మళ్లీ ఎడమవుతాడు. (నెలలో కొంత దగ్గరికీ కొంత దూరానికీ పోతాడు గానీ ఆ గొడవ ఇప్పుడొద్దు.) న్యూటన్ కుర్రతనంలో వేసుకున్న లెక్క ఇది. 1687లో గానీ అచ్చు వేయలేదు.

మీ బాబు భయం వట్టిదేం కాదు. చంద్రుణ్ని ఎవరైనా పట్టుకుని కదలకుండా ఆపేస్తే, దాదాపు 5 రోజుల్లో వచ్చి మన మీద పడతాడు.

ఇక మీ అనుమానం. లాగుడు ఎప్పుడూ ఇద్దరిదీ, అదీ సమానంగా. భూమి చంద్రుణ్ని ఎంత బలంతో లాగుతుందో చంద్రుడూ భూమిని అంతే బలంతో లాగుతాడు. కాకపోతే భూమి 81 రెట్లు బరువు, అందుకని తక్కువ కదులుతుంది. కావడి చూశారుగా? ఒకవైపు నిండు బిందె, మరోవైపు చిన్న చెంబు ఉంటే బద్దని బిందె దగ్గరగా భుజాన వేసుకుంటాం. భూమి, చంద్రుల కావడికి ఆ భుజం భూమి మధ్య నుంచి దాదాపు 4,670 కిలోమీటర్ల దూరంలో ఉంది. మన కాళ్ల కింద సుమారు 1,700 కిలోమీటర్ల లోతున. ఆ చోటు చుట్టూ చంద్రుడు పెద్ద చుట్టు వేస్తుంటే భూమి చిన్న చుట్టు వేస్తోంది. ప్లూటో, దాని చంద్రుడు షారన్‌ల దగ్గరైతే ఆ భుజం రెండింటికీ బయట, ఖాళీలో ఉంది.

చంద్రుడి లాగుడు మీ ఊరి పడవలవాళ్లకి నాకన్నా బాగా తెలుసు. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడి లాగుడు కూడా తోడై పోటు ఎక్కువగా వస్తుంది.

ఈ కావడి సంగతి పట్టుకునే 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ అనే స్విట్జర్లాండ్ ఖగోళ శాస్త్రవేత్తలు కంటికి కనిపించని గ్రహాన్ని పట్టేశారు. 51 పెగాసి అనే నక్షత్రం నాలుగు రోజులకి కాస్త పైన ఒకసారి చొప్పున మన వైపుకీ అవతలికీ ఊగుతోంది. ఊపుతున్నదెవరు? పక్కనే తిరుగుతున్న గ్రహం. 2019లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

బాబు ఇంకా నమ్మకపోతే, చంద్రుడి పక్కన రోహిణో చిత్తో ఉన్న రాత్రి మేడ మీదికి తీసుకెళ్లండి. నక్షత్రానికీ చంద్రుడికీ మధ్య ఎడం గుర్తు పెట్టుకోమనండి. గంట తర్వాత చూస్తే చంద్రుడు తన వెడల్పంత తూర్పుకి జరిగి ఉంటాడు. ఆ రాత్రి ఏదన్నది గోడ క్యాలెండర్లో దొరుకుతుంది, తిథి పక్కన రాసే నక్షత్రం చంద్రుడు ఆ రోజు ఎవరి దగ్గరున్నాడో చెప్పడానికే.