భోజనం చేస్తుండగా గొంతుకు ముద్ద అడ్డం పడి ఊపిరాడకపోతే, 108 వచ్చేలోగా ఏం చేయాలి?

ముందు మనిషిని చూడండి. గట్టిగా దగ్గుతున్నా, మాట్లాడగలుగుతున్నా గాలి ఆడుతున్నట్టే. దగ్గనివ్వండి, పక్కనే ఉండండి. దగ్గూ మాటా రాక, రెండు చేతులతో గొంతు పట్టుకుని గుడ్లు తేలేస్తుంటే మాత్రం మీకున్నది నాలుగైదు నిమిషాలే. విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్ దాటి అంబులెన్స్ అంతలో వస్తుందని కూర్చోవద్దు.

ఒకరు 108కి ఫోన్ చేయాలి. మీరు అతన్ని ముందుకు వంచి, అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో వీపు మీద, రెండు రెక్కల మధ్య 5 సార్లు బలంగా చరచండి. రాలేదా? వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని లోపలికీ పైకీ 5 సార్లు గుంజండి. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలే ముద్దను బయటికి తోస్తుంది. వచ్చేదాకా రెండూ మార్చి మార్చి చేయండి. గర్భిణులకైతే పొట్ట కాదు, ఛాతీ మధ్యలో.

ఏడాది లోపు పిల్లలకు పొట్ట అస్సలు నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపు మీద 5 దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మీద 5 నొక్కులు.

పొలమారితే మనం "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ మాడు మీద తట్టి నీళ్లు తాగిస్తాం. దారి పూర్తిగా మూసుకుపోయినప్పుడు దయచేసి నీళ్లు పోయొద్దు. కనిపించని పల్లీ గింజ కోసం నోట్లో వేలు పెట్టినా అది ఇంకా లోపలికే పోతుంది.

స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ (ఛాతీ మధ్యలో వరసగా గట్టిగా నొక్కడం) మొదలుపెట్టండి. పొట్ట గుంజించుకున్నవాళ్లను, తేరుకున్నా సరే, డాక్టర్‌కు చూపించాలి.